దుగరాజపట్నం తీరం మీద చారిత్రక నవల రాస్తే, ఏం రాయాలి?

2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లా పటంలో సముద్రం లేదు. ఆ రోజు తిరుపతి జిల్లా ఏర్పడి, నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట వైపు మండలాలు ఇటు వచ్చి కలిశాయి. దాంతో పులికాట్ సరస్సు ఉత్తర భాగం, శ్రీహరికోట, దుగరాజపట్నం తిరుపతి కలెక్టరు పరిధిలోకి వచ్చేశాయి. ఆఫీసుల లెక్కలో ఇది సరిహద్దు గీతలు మార్చడం మాత్రమే. కథలు రాసేవాళ్లకు మాత్రం మంచి అవకాశం. కోటలు, మండపాలు, శాసనాలు దండిగా ఉన్న జిల్లాకు ఇసుక తిన్నెలు, ఉప్పు కొఠార్లు, తాటాకు గుడిసెలు తోడయ్యాయి.

తెలుగు చారిత్రక నవల ఇన్నాళ్లూ ఎక్కువగా కోట లోపలే తిరిగింది. రాజు, మంత్రి, అంతఃపురం, కుట్ర, యుద్ధం. సముద్రం కనిపించినా రేవు పట్నం, విదేశీ ఓడ, రత్నాల వర్తకుడి దాకానే. ఒడ్డున గుడిసె వేసుకుని, అక్కడే పిల్లల్ని కని, వాళ్లలో కొందరిని అక్కడే ఇసుకలో పూడ్చుకుని, అయినా ఊరు వదలని కుటుంబాన్ని మధ్యలో పెట్టి నడిపిన కథలు తక్కువ. ఎవరైనా ఇప్పుడు ఆ పనికి పూనుకుంటే మొదట వదిలించుకోవాల్సింది తుఫాను మోజు. తీరం కథ అనగానే అందరికీ పెనుగాలి, అల, కొట్టుకుపోయిన పడవ గుర్తొస్తాయి. అవి ఒక రాత్రి సంగతులు. ఒక కుటుంబం ఆ ఒడ్డున మూడు తరాలు నిలబడిందా, మూడేళ్లకే మూట కట్టుకుందా అన్నది వైశాఖంలో మంచినీళ్లు, షావుకారు దగ్గర అప్పు, ఉప్పు మీద సర్కారు పెత్తనం, తమకంటే ముందు అక్కడ ఉన్నవాళ్లతో పొత్తు, వీటి మీద తేలుతుంది.

ముందు చరిత్ర ఎంత గట్టిగా దొరుకుతుందో చూడాలి. డచ్చివాళ్లు పులికాట్‌లో 1610లో వర్తక స్థావరం పెట్టి, 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టుకున్నారు. మచిలీపట్నంలో ఇబ్బందులు పడుతున్న ఇంగ్లీషు కంపెనీవాళ్లు సరస్సు ఉత్తర కొసన, దుగరాజపట్నం దగ్గర 1626లో దిగారు. వాళ్ల కాగితాల్లో ఆ చోటు పేరు ఆర్మగాన్. స్థలం ఇప్పించడంలో సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరు మీదే అలా పిలిచారని చెబుతారు. 12 ఫిరంగులు పెట్టి బందోబస్తు చేసుకున్నారు. కోరమండల్ తీరంలో వాళ్ల తొలి కోట అదే. పద్నాలుగేళ్లకే అక్కడి నుంచి లేచిపోయారు. అక్కడ దొరికే బట్ట నాణ్యతా, ధరా కంపెనీకి గిట్టలేదు. ఆర్మగాన్‌లో కంపెనీ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి, 1639 ఆగస్టులో దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర మద్రాసు స్థలానికి అనుమతి పత్రం రాయించుకున్నాడు. 1640 ఫిబ్రవరిలో కంపెనీవాళ్లు సామాను సర్దుకుని అక్కడికి చేరారు.

దామెర్లవాళ్లకు కాళహస్తితో సంబంధం ఉంది. వాళ్ల మీద ఏలిక అరవీటి వెంకటపతి రాయలు, ఆయన రాజధానుల్లో చంద్రగిరి ఒకటి. అంటే మద్రాసు పుట్టుక కథలో మూడు మూలలు, చంద్రగిరి, శ్రీకాళహస్తి, దుగరాజపట్నం, ఇవాళ ఒకే జిల్లాలో ఉన్నాయి. ఆదివారం చంద్రగిరి కోట చూసి సెల్ఫీ దిగి వచ్చేవాళ్లలో ఎంతమందికి ఈ మూడో మూల తెలుసన్నది అనుమానమే.

ఇంతవరకు చదివితే కథ ఓడ దిగిన తెల్లదొరతో మొదలుపెట్టాలనిపిస్తుంది. అక్కడే దారి తప్పుతుంది. కఠినమైన తీరంలో వలస కుటుంబాలు అనగానే ప్రపంచమంతా వాడే నమూనా అమెరికాది. 1620లో ప్లిమత్‌కు ఒక ఓడలో 102 మంది వెళ్లారు. భార్యాబిడ్డలతో సహా. వసంతం వచ్చేసరికి దాదాపు సగం మంది చనిపోయారు. అంతకు ముందు 1607లో మొదలైన జేమ్స్‌టౌన్‌లో 1609-10 చలికాలం ఆకలి చావులకే పేరు పడింది. దుగరాజపట్నంలో కంపెనీ దిగింది ప్లిమత్ తర్వాత ఆరేళ్లకే కాబట్టి ఆ కథనే ఇక్కడికి దించేయొచ్చని ఆశ పుడుతుంది. కానీ ఆర్మగాన్‌కు వచ్చినవాళ్లు గుమాస్తాలు, సిపాయిలు, వర్తకులు. వాళ్లు కాపురాలు పెట్టడానికి రాలేదు. బట్ట కొనడానికి వచ్చారు, కుదరకపోతే ఇంకో రేవుకు పోయారు.

ఈ ఒడ్డున నిజంగా కాపురం పెట్టినవాళ్లు వేరు. దక్షిణాన తమిళ తీరం నుంచి కదిలి వచ్చారని చెప్పుకునే పట్టపు కాపులనే మత్స్యకారులు, ఉప్పు పండించేవాళ్లు, కంపెనీ బయానాలు నమ్ముకుని మగ్గాలు మోసుకొచ్చిన నేతగాళ్లు, అద్దకంవాళ్లు. మద్రాసు పట్నం పెట్టినప్పుడు పన్నులు లేవని ఆశ చూపి పిలిచింది కూడా ఇలాంటి కుటుంబాలనే. దుగరాజపట్నంలో మగ్గం దించుకున్న ఒక ఇల్లు 1640లో ఏం చేయాలి? కొనేవాడు పోయాడు. వాడి వెంట మద్రాసుకు పోతే అక్కడ అంతా కొత్త, ఉండిపోతే బట్ట అమ్ముడుపోదు. అన్న పోదామంటాడు, తమ్ముడు వద్దంటాడు, ముసలి తల్లి దేనికీ ఒప్పుకోదు. ఓడ బద్దలయ్యే అధ్యాయం కంటే ఈ ఇంట్లో జరిగే గొడవలో ఎక్కువ నవల ఉంది.

ఇక నీళ్లు. ఈ తీరంలో బతుకంతా నీళ్ల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి పనికొచ్చేవి కొద్ది. తూర్పున సముద్రం, పడమట పులికాట్. వానలు పడ్డాక ఆరణి, కాళంగి నదుల నీళ్లు చేరి సరస్సు ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలానికి ఉత్తరం వైపు నీళ్లు ఎండుతూ సముద్రం కంటే ఉప్పగా తయారవుతాయి. మనుషులు బతికేది ఇసుక కింద దాగిన వాననీటి మీద. వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి ఇసుకలోకి ఇంకాక కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంది. దానికోసమే దొరువు తవ్వుతారు. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, పక్కలు వాలుగా. మనిషి కడవ పట్టుకుని లోపలికి దిగి నీళ్లు ముంచుకుని ఎక్కి వస్తాడు.

దొరువు లోతుకు హద్దు ఉంది. నీళ్లు చాలడం లేదని ఇంకో రెండు మూరలు తవ్వితే ఉప్పు ఊరుతుంది. గబగబా తోడినా అంతే. సముద్ర మట్టం కంటే మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, ఆ మట్టానికి కింద నలభై అడుగుల దాకా మంచినీరు ఉండొచ్చని భూగర్భ జలాల శాస్త్రం లెక్క కడుతుంది. ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. పైన ఒక అడుగు నీళ్లు తోడేస్తే కింది నుంచి నలభై అడుగుల మేర ఉప్పు పైకి ఎగబాకడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ సూత్రం ఐరోపాలో కాగితం మీదికి ఎక్కింది పంతొమ్మిదో శతాబ్దంలో. దొరువు దగ్గర కొబ్బరి చిప్పతో నీళ్లు ముంచే ఆడవాళ్లకు దాని ఫలితం అంతకు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఆ ఊళ్లు మిగిలేవి కావు. అడుగున చేరిన నీటిని చిప్పతో మెల్లగా ఎత్తి కడవలో పోస్తూ, అడుగు కనపడగానే ఆపి, మళ్లీ ఊరేదాకా గట్టున కూర్చోవాలి. తొందరపడి ఇసుక కదిపితే నీళ్లు బురదవుతాయి. వెనకాల వరుసలో ఉన్నావిడ ఊరుకోదు. ఎవరి వంతు ముందు, బాలింత ఉన్న ఇంటికి ఎన్ని కడవలు, గొడ్లకు ఏ దొరువు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు అసలు వంతు ఉందా లేదా. వలస కుటుంబం కథ ఈ చివరి ప్రశ్న దగ్గర మొదలు కావాలి. కొత్తగా వచ్చినామె ఖాళీ కడవతో నిలబడి ఉంటే, ఊళ్లో పెద్దావిడ చూసీ చూడనట్టు పక్కకు జరుగుతుందా, జరగదా?

తుఫానుకు కథలో నిజమైన చోటు కూడా ఈ దొరువే చూపిస్తుంది. గాలి ఒక రాత్రిలో తగ్గుతుంది. ఉప్పెన తెచ్చిన ఉప్పునీరు దొరువుల్లో నిండి ఉండిపోతుంది. మళ్లీ గట్టి వానలు పడి ఆ ఉప్పు కిందికి దిగేదాకా ఊరు ఎక్కడి నుంచి నీళ్లు తెచ్చుకుంటుంది? చనిపోయినవాళ్ల లెక్క సర్కారు కాగితాల్లో ఉంటుంది. తర్వాతి నెలల్లో రోజూ మైళ్ల దూరం కడవలు మోసిన లెక్క ఎక్కడా ఉండదు. నవల అవసరం అక్కడ వస్తుంది.

తుఫాను కాలం విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఇక్కడి వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను ఆ కాలానిదే. తెరచాప ఓడల రోజుల్లో అక్టోబరు మధ్యకల్లా ఓడలు ఈ తీరం వదిలి వెళ్లిపోయేవి. కాబట్టి ఆషాఢంలో పెద్ద తుఫాను పెట్టి, కార్తీకంలో ఓడ లంగరు వేయించిన నవలను సూళ్లూరుపేట పాఠకుడు నమ్మడు. తిరుపతి పాఠకుడూ నమ్మడు. సముద్రంలో వాయుగుండం అనగానే స్వర్ణముఖి ఎలా పొంగుతుందో, 2021 నవంబరులో రాయలచెరువు కట్ట గురించి ఎంత టెన్షన్ పడ్డారో ఇక్కడివాళ్లకు ఇంకా గుర్తే.

అప్పు సంగతి తీసుకుంటే ఇక్కడి కథ ఇంకో దూర తీరానికి దగ్గరవుతుంది. ఇప్పుడు కెనడాలో భాగమైన న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేపలు పట్టే కుటుంబాలు తరాల తరబడి డబ్బు కంటితో చూడకుండా బతికాయి. వర్తకుడు వేట కాలానికి ముందు పిండి, వల, గాలాలు అప్పుగా ఇస్తాడు. చివర చేప తీసుకుని ధర తనే కడతాడు. బాకీ తీరదు. మన తీరంలో నేతగాడికి బయానా ఇచ్చి బట్ట కట్టించుకునే పద్ధతీ, పడవకు, వలకు పెట్టుబడి పెట్టిన వ్యాపారికే చేప పోయాలనే కట్టుబాటూ ఇదే కోవవి. రెండో పద్ధతి చాలా కుప్పాల్లో, అంటే మత్స్యకార పల్లెల్లో, ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి నవలలో విలన్ కోసం వెతకనక్కర్లేదు. షావుకారును మీసాలు మెలేసే దుర్మార్గుడిగా చూపిస్తే మాత్రం కథ తేలిపోతుంది. ఎందుకంటే పెళ్లికి, చావుకు ఆదుకునేది కూడా ఆయనే. ఆ కుటుంబం ఆయన్ని తిట్టుకుంటూనే మొక్కుతుంది.

ఈ తీరానికి అంతకంటే చీకటి పేజీ ఒకటుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు కరువు రోజుల్లో ఈ ప్రాంతంలో మనుషుల్ని కొని, పులికాట్ మీదుగా బటావియాకు (ఇప్పటి జకార్తా) బానిసలుగా పంపారు. తిండి లేక పిల్లల్ని అమ్ముకునే దశ వచ్చిన ఇంటిని రాయకుండా ఆ శతాబ్దం రాశామంటే అది వేడుకల నవల అవుతుంది.

అన్నిటికంటే కష్టమైన సంగతి యానాదులది. వలస కుటుంబాల చారిత్రక కథల్లో ప్రపంచమంతటా కనిపించే లోపం, తీరం ఖాళీగా ఉన్నట్టు రాయడం. ప్లిమత్‌లో మిగిలినవాళ్లు మిగిలింది వాంపనోగ్ ప్రజలు మొక్కజొన్న సాగు నేర్పబట్టి. శ్రీహరికోట కూడా ఎప్పుడూ ఖాళీ దీవి కాదు. అక్కడి అడవి, తేనె, దుంపలు, మందు మొక్కలు, చేపలు యానాదులకు కొట్టిన పిండి. కంపెనీ కోరి వచ్చిన అద్దకం బట్టకు ఎరుపు ఇచ్చే చిరువేరు ఇసుక నేలల్లో పెరుగుతుంది. దాన్ని తవ్వి తెచ్చిన చేతుల్లో యానాదుల చేతులు ఉన్నాయి. 1835లో ఇంగ్లీషు ప్రభుత్వం దీవిని తన అధీనంలోకి తీసుకున్నాక అడవి సరుకు తెచ్చిచ్చి గింజలు తీసుకునే ఏర్పాటులోకి వాళ్లను దించారు. తమ అడవిలో తామే కూలీలయ్యారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అక్కడి ఊళ్లు ఖాళీ అయ్యాయి. శ్రీకాళహస్తి కలంకారీ గురించి ఇన్ని వ్యాసాలు వస్తుంటాయి కదా, పాత రోజుల్లో అద్దకం ఎరుపు వేరును తవ్వినవాళ్ల ప్రస్తావన ఎన్నింటిలో ఉంటుంది?

నవలలో యానాది పాత్రను దారి చూపే మంచివాడిగానో, పాము కాటుకు మందిచ్చే మాంత్రికుడిగానో పెట్టి రెండో అధ్యాయంలో పంపేయడం చాలా సులువు. అలా కాకుండా వలస కుటుంబంతో ఆ పాత్రకు లెక్కలు ఉండాలి. నీళ్లు ఎక్కడున్నాయో చూపించాడు. దానికి బదులు ఏమిచ్చారు? పదేళ్ల తర్వాత అదే దొరువు దగ్గర అతని కూతురిని ముట్టుకోనిచ్చారా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు పాఠకుడికి నచ్చకపోవచ్చు. అయినా రాయాలి.

ఊరి కట్టుబాట్లు కూడా కథకు ముడిసరుకే. ఈ తీరంలోని మత్స్యకార కుప్పాల్లో పెద్దకాపులు కూర్చుని తీర్పు చెప్పి, మాట వినని ఇంటి మీద దురాయి వేస్తారు. దురాయి పడితే ఆ ఇంటివాళ్లు వేటకు పోవడానికి లేదు, పలకరించేవాళ్లు ఉండరు. పులికాట్ దక్షిణ భాగంలో ఏ ఇల్లు ఏ రోజు సరస్సులో ఎక్కడ వల వేయాలో వంతులు పంచే పాడు పద్ధతి ఉంది. దాంట్లో రొయ్యలు బాగా పడే చోటు ఎల్లకాలం ఒకరిదే కాకుండా తిరుగుతుంది. న్యాయమైన ఏర్పాటే. కాకపోతే వంతు ఉన్నవాళ్లకే న్యాయం.

వస్తువుల దగ్గర పొరపాట్లు త్వరగా దొర్లుతాయి. ఇవాళ శ్రీహరికోట వైపు పోతే సరుగుడు తోపులే కనపడతాయి. వాటిని ఈ తీరంలో వంటచెరకు కోసం తోటలుగా పెంచడం మొదలైంది పంతొమ్మిదో శతాబ్దంలో. 1626 కథలో సరుగుడు నీడ పెడితే అక్కడికక్కడే దొరికిపోతారు, తాటిచెట్లు చాలు. చేపల పులుసులో టమాటా వద్దు, చింతపండు, మామిడికాయ ఉన్నాయి. నైలాను వలలు నిన్నమొన్నటివి, అప్పటివి నూలు, జనుము. గుడిసె గుండ్రంగా, చూరు నేలకు దగ్గరగా ఉంటే గాలికి తట్టుకుంటుంది.

ఎక్కడ ఊహించొచ్చు, ఎక్కడ ఊహించకూడదు అన్నదానికి ఒక ఉదాహరణ. చంద్రగిరి రాజమహల్‌లో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. పులికాట్ అడుగున గుల్ల సున్నానికి పనికొచ్చే చిప్పలు మేటలు మేటలుగా ఉండేవి. ఆ గుల్లను ఎద్దుల మీద చంద్రగిరికి తోలే పాత్రను సృష్టించడం రచయిత హక్కు. రాజమహల్ సున్నం పులికాట్‌దేనని ముందుమాటలో చరిత్రగా చెప్పడం మాత్రం మోసం.

సంభాషణలకు వస్తే, పట్టపువాళ్ల మాటలో తమిళం బాగా కలిసి ఉంటుంది. చిత్తూరు, తిరుపతి రచయితలకు ఇది కలిసొచ్చే విషయం. సత్యవేడు, నగరి వైపు చెవిలో రోజూ పడే తెలుగు ఎలాగూ అలాంటిదే. కృష్ణా, గుంటూరు పుస్తక భాషలో ఆ మనుషుల చేత మాట్లాడిస్తే అతకదు. అలాగని ప్రతి వాక్యాన్నీ యాసతో నింపి చదివేవాళ్లకు చుక్కలు చూపించాల్సిన పని లేదు. పిలుపులు, తిట్లు, లెక్కపెట్టే మాటలు అక్కడివైతే సరిపోతుంది.

చివరికి కాలం ఎంచుకోవాలి. 1626-40 ఆకర్షిస్తుంది కానీ ఆ రోజుల కాగితాల్లో దొరికేది కంపెనీ లెక్కలే, కుప్పాల మనుషులు దాదాపు కనపడరు. ఊళ్ల పాత రికార్డులైన కైఫీయత్తులు చదివినా ఊరి పుట్టుపూర్వోత్తరాలు, ఏలినవాళ్లు, ఇనాములు ఎక్కువ, వంటిల్లు తక్కువ. వలస కుటుంబాల నవలకు 1876-78 మెరుగు. ఆ కరువులో రాయలసీమ, చిత్తూరు ప్రాంతాలు అల్లాడిపోయాయి. తీరం వెంబడి కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టి జనానికి కూలి ఇచ్చారు. అప్పటి గవర్నరు పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. మెట్ట చేలో రాగులు పండించుకునే కుటుంబం ఒకటి కొండ దిగి, స్వర్ణముఖి వెంట నడిచి, కాలువ గట్టున మట్టి మోయడానికి చేరిందనుకుందాం. కాలువ పని అయిపోయింది, ఊళ్లో చేను బీడు పడింది, పోవడానికి చోటు లేదు.

వాళ్లకు సముద్రం తెలియదు. వల విసరడం రాదు. ఎండుచేప వాసనకు మొదటి వారం కడుపులో తిప్పుతుంది. చేపను ఎండబెట్టి దాచుకుందామంటే ఉప్పు కావాలి, మద్రాసు రాజ్యంలో 1805 నుంచి ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం. ఇంటి వెనక మడుగులో ఉప్పు తేలుతుంది, గీరి తెచ్చుకుంటే నేరం. 1870లలో చేపల శాఖ పెద్దగా ఉన్న శాస్త్రవేత్త ఒకరు ఉప్పు పన్ను వల్ల చేప ఎండబెట్టేవాళ్లకు జరిగే నష్టం గురించి సర్కారుకు రాశారు. చిత్రమేమంటే ఆయన పేరూ ఫ్రాన్సిస్ డేనే, ఆర్మగాన్ డేకి రెండున్నర శతాబ్దాల తర్వాతి మనిషి. కాలువ పడవల్లో కట్టెలు, ఉప్పు, గుల్ల మద్రాసుకు పోతుంటాయి. గట్టున ఉప్పు కొఠారు జవాను తిరుగుతుంటాడు. ఆ మెట్ట ఊరి ఇల్లాలు కొంగున పిడికెడు ఉప్పు మూటగట్టుకుని, పట్టుబడితే ఏం చెప్పాలో నెమరేసుకుంటూ దొరువు వైపు నడుస్తుంది. ఆమె వంతు ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.